తెర మీద వీపు

మా ఆయనకి నవలల పిచ్చి. మగపిల్లలు లేక మా నాన్న ఆయన్ని ఇల్లరికం తెచ్చుకున్నాడు. మైదానం నుంచి ఘాటీ ఎక్కి వచ్చిన అల్లుడి వెనకాల ఇద్దరు కూలీలు మోయలేక మోస్తున్న ట్రంకు పెట్టె చూసి సంతంతా చెప్పుకుని మురిసిపోయాడు. ఇంటికొచ్చి మూత తీస్తే అన్నీ పుస్తకాలే. ఆ రోజు నుంచి మామా అల్లుళ్ళ మాటలు ఉప్పూ చింతపండూ దాటి పోలేదు.

హుకుంపేట సంతలో మాది కొట్టు. కొండవాళ్ళకి ఉప్పు, పొగాకు, కిరసనాయిలు, చీరలు అమ్మేవాళ్ళం. వాళ్ళు దించుకొచ్చిన చింతపండు, విస్తళ్ళు కుట్టే అడ్డాకులు కొనేవాళ్ళం. ఆకులు తెచ్చే ఒకామెను మా ఇంటిల్లిపాదీ ఆకులామె అనే పిలిచేవాళ్ళం. ఆమెకి ఒక కొడుకు, ఒక కూతురు. కూతురు నా ఈడుది. నాకు కొండభాష నాలుగు ముక్కలు వచ్చాయంటే ఆ పిల్ల చలవే. నేను తప్పు పలికినప్పుడల్లా కడుపు పట్టుకుని నవ్వేది, నవ్వడం అయ్యాక సరిగ్గా పలికి చూపించేది. దాని పేరు రాయను. పోయినవాళ్ళ పేరు వాళ్ళలో ఊరికే ఎత్తరు.

మా ఆయన పుస్తకాల్లో ఒకటి ఆయనకి ప్రాణం. కొండపిల్ల కథ. రాసినాయన జన్మలో ఘాటీ ఎక్కలేదని మొదటి పేజీలోనే తెలిసిపోతుంది. అందులో పిల్ల పొద్దున్నే లేచి నెమలికి గింజలు వేసి పాట పాడుతుంది. మా సంతకొచ్చే పిల్లలు పొద్దున్నే లేచి మోపు నెత్తికెత్తుకుంటారు. కానీ ఒక్క విషయంలో రాసినాయన్ని మెచ్చుకోవాలి. పిల్ల నల్లనిదని రాశాడు. ఒకచోట కాదు, సందు దొరికిన ప్రతిచోటా రాశాడు. ఆఖర్న ఆ పిల్ల పసితనంలో తప్పిపోయిన రాజుగారి కూతురని తేలుతుంది. తేలాక కూడా నలుపు నలుపే. ఆ రాజుగారూ నలుపే. చదువుతున్నప్పుడు నాకు అది బాగా నచ్చింది, ఎందుకంటే నేనూ చామనఛాయకి రెండాకులు ఎక్కువే.

మన్నెం పితూరీ అణిగి కొన్నేళ్ళు గడిచాక, ఒక చలికాలం ఆ నవలని సినిమాగా తీస్తామని మద్రాసు నుంచి ఒక కంపెనీ మా కొండలకి వచ్చింది. అప్పట్లో బొమ్మలకి మాటల్లేవు, కదలికే. వాళ్ళకి బియ్యం, నూనె, బళ్ళు, కూలీలు అన్నీ మా నాన్నే కుదిర్చాడు. మా ఆయన పుస్తకం చంకలో పెట్టుకుని డైరెక్టరు వెనకాల తోటి పెళ్ళికొడుకులా తిరిగాడు.

కొండపిల్ల వేషానికి వాళ్ళు తెచ్చింది ఒక ఆంగ్లో ఇండియన్ అమ్మాయిని. మావాళ్ళ దృష్టిలో దొరసానే. మర్యాదస్తుల ఇళ్ళలో ఆడవాళ్ళు వేషం కట్టని రోజులవి, కాబట్టి ఎవరో ఒక దొరసాని రావలసిందే అనుకోండి. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు. చలికి గడగడ వణికిపోతుంటే నేనే ఒక దుప్పటి ఇచ్చాను. తక్కినవాళ్ళంతా మైదానం మగవాళ్ళు, ఒళ్ళంతా మసి పూసుకుని, నెత్తిన ఈకలు కట్టుకుని కొండదొరలయ్యారు. మా నిజం కొండవాళ్ళని వెనకాల దూరంగా గుంపుగా నిలబెట్టారు. వేషాలకి తెచ్చిన తుపాకులు చూడగానే వాళ్ళలో సగంమంది పితూరీ రోజులు గుర్తొచ్చి అడవిలోకి పరిగెత్తారు. వెనక్కి తీసుకురావడానికి మా నాన్నకి పూటంతా పట్టింది.

దొరసానికి నీళ్ళంటే భయం. కథలో పిల్ల కుండ పట్టుకుని గెడ్డలోకి నడుందాకా దిగాలి. గెడ్డంటే మా వైపు కొండవాగు. ఆ పని చెయ్యడానికి దొరసాని ఎత్తున్న పిల్ల కావాలన్నారు. ఆకులామె కూతురు దొరికింది. వెనక నుంచి తీసినంతసేపూ ఆ పిల్ల, ఇటు తిరిగాక దొరసాని. రెండూ అతికితే చూసేవాళ్ళకి ఒకే మనిషిలా ఉంటుందట. అందుకని రంగులు వేసే ఆయన ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, మా పిల్ల నుదుటి మీది పచ్చబొట్టు గీతలు, చెంపల మీది చుక్కలు చూసి చూసి దొరసాని మొహం మీద దిద్దాడు. మా పిల్లకి నవ్వు ఆగలేదు.

"దొరసాని మా సుట్టమైపోనాది. మా ఊరు అట్టుకెళ్ళి మొగుణ్ణి సూడాల" అంది.

దొరసాని ఒంటికి నల్లరంగు మాత్రం పల్చగా, గోధుమరంగు తేలేలా పూశారు. పుస్తకంలో ఇంకా నలుపని మా ఆయన నోరు తెరవబోతే డైరెక్టరు భుజం తట్టి, జనం సినిమాకొచ్చేది నల్లమొహం చూడ్డానికి కాదన్నాడట. మా ఆయన ఇంటికొచ్చి ఆ మాటనే తన మాటగా నాకు చెప్పాడు.

"మరి పుస్తకంలో రాజు కూతురు నల్లగానే ఉందిగా?" అన్నాను.

"చదివేటప్పుడు మనసులో ఎవరికి కావలసిన రంగు వాళ్ళు వేసుకుంటారే. తెర మీద అలా కాదు."

"అంటే నువ్వు చదివేటప్పుడు తెల్లరంగు వేసుకున్నావన్నమాట. నన్ను చూసినప్పుడు కూడా వేసుకుంటున్నావా?"

ఆ పూట ఆయన అన్నం తల వంచుకుని తిన్నాడు. నేనూ మజ్జిగ మారు అడగలేదు.

కంపెనీ వెళ్ళిపోయింది. ఆ వానాకాలం మన్నెం జ్వరం మా చుట్టుపక్కల ఊళ్ళని ఊడ్చేసింది. ఆకులామె కూతురు పోయింది. చలిలో ఆ గెడ్డనీళ్ళలో నిలబెట్టబట్టే పోయిందని చెప్పుకోవడానికి నాకూ ఆశగానే ఉంటుంది, కానీ అది నిజం కాదు. ఆ జ్వరం మా ఇంట్లో మా అమ్మనీ తీసుకుపోయింది. అమ్మ పోయిన నెలకి ఆకులామె సంతకి వచ్చింది. ఇద్దరం గోడకి ఆనుకుని కూర్చున్నాం.

మరుసటి ఎండాకాలం గుడారం వచ్చింది. బయస్కోపు మిషను, ఆయిలింజను, తెర బళ్ళ మీద ఘాటీ ఎక్కించారు. మా కొండల్లో తీసిన బొమ్మని మా కొండలకే చూపిస్తామని సంతరోజు డప్పు వేయించారు. చీకటి పడగానే బల్లల మీద మేము, అంటే షావుకార్లు, ఫారెస్టు గుమాస్తాలు, పోలీసులు. ముందు నేల మీద కొండవాళ్ళు. తెర పక్కన ఒకాయన నిలబడి తెర మీద వచ్చే రాతలు చదువుతూ, కథ చెబుతూ ఉన్నాడు.

మసి పూసుకున్న కొండదొరలు తెర మీద గంతులేశారు. నేల మీద ఒక ముసలాయన లేచి, "ఆళ్ళు ఎవులు బాబూ?" అని కథ చెప్పే ఆయన్ని అడిగాడు.

"మీరేనయ్యా. కొండవాళ్ళు" అన్నాడు ఆయన.

కింద ఉన్నవాళ్ళు మొదట నవ్వారు, హాస్యం అనుకుని. నవ్వినకొద్దీ తెర మీద వాళ్ళు అలాగే గెంతుతున్నారు, పచ్చిమాంసం పీక్కు తింటున్నారు, దొర కాళ్ళ మీద పడుతున్నారు. నవ్వు తగ్గిపోయింది. బల్లల మీద మాత్రం తగ్గలేదు. మా నాన్న కళ్ళు తుడుచుకునేంతగా నవ్వాడు. పొద్దున్న అదే మనుషులకి ఉప్పు కొలిచిన చేత్తో తుడుచుకున్నాడు.

అప్పుడు గెడ్డ వచ్చింది. కుండ పట్టుకుని ఒక పిల్ల అటు తిరిగి నీళ్ళలోకి దిగుతోంది. ఆ నడక నాకు తెలుసు. ఎడంకాలు కాస్త ఎగరేసి వేస్తుంది, మా పెరట్లోకి వచ్చేటప్పుడూ అంతే. నేల మీద ఆకులామె లేచి నిలబడింది. కూతుర్ని పేరు పెట్టి పిలిచింది. ఇంటికి భోజనానికి పిలిచినట్టే, మామూలుగా పిలిచింది.

తెర మీద పిల్ల ఇటు తిరిగింది. దొరసాని మొహం, తెరంతా నిండిపోయి, నుదుటి మీద ఆ గీతలు, చెంపల మీద ఆ చుక్కలు. బల్లల మీద చప్పట్లు, ఈలలు. నాయిక మొహం దగ్గరగా కనబడటం అదే మొదలు కదా. ఆకులామె కూర్చుండిపోయింది. వెనక నుంచి ఒక పోలీసు, "అడ్డం లెగిసి ఎవర్నే పిలుస్తన్నావు?" అంటే చుట్టూ నవ్వారు.

మర్నాడు పొద్దున్నే ఆకులామె మా పెరటి గుమ్మంలో ఉంది. ఆకులు తేలేదు.

"ఆ ఆయమ్మ మొకాన నా గుంట పచ్చలు ఎవులు పొడిసినారమ్మా?" అంది. గుంటంటే మా వైపు ఆడపిల్ల.

"పొడవలేదు. రంగుతో దిద్దారు. సాయంత్రం నూనె రాసుకుని కడిగేసుకుంది. నా ఎదురుగానే కడుక్కుంది."

"కడిగేస్తే రాత్రి మల్లీ ఎలగ ఉన్నాయి?"

మా ఆయన్ని పిలిస్తే ఆయన లెన్సు గురించి, వెలుతురు గురించి ఏదో మొదలుపెట్టాడు. ఆమె మర్యాదగా విని, మళ్ళీ నా వైపే తిరిగింది.

ఆమె భయం ఏమిటో అప్పుడు చెప్పింది. మనిషి పోయినప్పుడు నగలు ఉండిపోతాయి, బట్ట కాలిపోతుంది, పచ్చబొట్లొక్కటే వెంట వెళ్తాయి. పైనున్న పెద్దలు వాటిని చూసి, ఇది మన పిల్ల అని గుర్తు పట్టి, మళ్ళీ ఆ ఇంటికే పంపిస్తారు. పోయినవాళ్ళు సొంత ఇంట్లోనే పుట్టాలి. ఆమె కోడలికి నెలలు నిండుతున్నాయి. ఆ కడుపున కూతురు వస్తుందని మొదటి నెల నుంచీ చూస్తోంది. ఇప్పుడు అవే గుర్తులు ఇంకో ఆడమనిషి మొహాన ఉన్నాయి. పెద్దలు ఎవర్ని చూసి ఎవరనుకుంటారు?

"నీల్లలోకి దిగినంతసేపూ అది నా గుంటే. ఇటు తిరిగేతలికి ఆయమ్మ అయిపోనాది. తిరక్కముందు పిలవాల. రాత్రి నాను ఆలీసం సేసినాను."

గుడారం అప్పటికే విప్పి బళ్ళకెత్తారు. తర్వాతి మకాం శృంగవరపుకోట, ఘాటీ కింద. మా మేనమామ ఇల్లు అక్కడే. వాళ్ళింట్లో ఏదో వ్రతం ఉందని వంక పెట్టి మా ఆయన్ని బయల్దేరదీశాను. మా నాన్న ఆ వంక కనిపెట్టి సణిగాడు, "కాకి పిల్ల కాకికి ముద్దు, దాని కోసం నువ్వు కోటకి పరిగెత్తడం ఏమిటే?" అని. ఆయన కూతురు మాత్రం కాకి కాదా? అదే అడిగితే గుమ్మంలోంచి లేచి కొట్లోకి వెళ్ళిపోయాడు. మేము బండిలో, ఆకులామె బండి వెనక నడుస్తూ. ఎక్కమంటే ఎక్కలేదు. దారి పొడుగునా ఆమె పెదాలు కదులుతూనే ఉన్నాయి. పిలవడం అలవాటు చేసుకుంటోందని నాకు తర్వాత తట్టింది.

కోట చేరేసరికి అక్కడ రెండాటలు అయిపోయాయి. మూడోరోజు ఆటకి ఆమెను నా పక్కనే, ఆడవాళ్ళ వైపు కూర్చోబెట్టుకున్నాను. పక్కావిడ ముక్కు మూసుకుని జరిగింది. జరిగితే జరగనీ, చోటు కలిసొచ్చింది. గంతులు అయ్యాయి, మాంసం తినడం అయింది. గెడ్డ రాబోతోందనగా ఆకులామె నా చెయ్యి పట్టుకుని లేచింది. ఊపిరి తీసుకుంది.

గట్టు మీద కుండ కనబడింది. ఆ వెంటనే దొరసాని మొహం.

నీళ్ళు లేవు, నడక లేదు. ఆమె నోరు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయింది. మళ్ళీ వస్తుందేమో, ఇంకోచోట వస్తుందేమో అని ఆఖరుదాకా నిలబడే చూసింది. వెనకనుంచి కూర్చోమని కేకలేశారు. నేను వెనక్కి తిరిగి నాలుగు తిట్టాను. తెల్లారి మా మేనమామ ఇంట్లో అందరూ ఆ తిట్ల గురించే మాట్లాడుకున్నారు.

ఆట అవగానే కథ చెప్పే ఆయన దగ్గరికి వెళ్ళాం. ఆ గెడ్డ ముక్క ఏమయిందని అడిగాను.

"మొదటాట రోజు గోలెత్తిపోయిందమ్మా. మొహం హంసలా ఉంది, వీపు కాకిలా ఉంది, ఇదేం మోసం అని ఒకటే ఈలలు. ఒకడు చెప్పు కూడా విసిరాడు. నవల చదివినవాళ్ళు మరీను. రాజుగారి కూతురికి ఆ వీపేమిటి, మా నాయికని అవమానించారు అని మొదలుపెట్టారు. ఎందుకొచ్చిన గొడవని ఆ ముక్క కత్తిరించేశాం."

నవల చదివినవాళ్ళట. నల్లనిది, నల్లనిది అని పేజీ పేజీకీ ఉన్న ఆ నవల. మా ఆయన పక్కనే ఉండి నేల చూపులు చూస్తున్నాడు.

"కత్తిరించింది ఎక్కడుంది?" అన్నాను. ఉంటే అడిగి పుచ్చుకుందామని నా ఆశ.

"ఎక్కడుంటుంది? పొయ్యి రాజేశాం. కర్పూరంలా అంటుకుంటుందమ్మా అది."

ఆకులామెకి తెలుగు వచ్చు, అంతా అర్థమైంది. నెమ్మదిగా అడిగింది.

"కాల్సినోలు తానం సేసారా?"

ఆయనకి బోధపడలేదు. శవాన్ని కాల్చినవాళ్ళు స్నానం చెయ్యకపోతే పోయినవాళ్ళకి దారి దొరకదని వాళ్ళ నమ్మకం. ఆ మాట వివరంగా చెప్పాను. ఆయన నవ్వేసి, "తానం ఏమిటమ్మా, ఆ పొయ్యి మీదే అన్నం వండుకుని తిన్నాం" అన్నాడు. చెడ్డవాడు కాదు, తెలియనివాడు. అయినా ఆ నిమిషం ఆయన్ని చూస్తే ఒళ్ళు మండింది.

తిరుగుదారిలో అనంతగిరి దగ్గర రోడ్డు పక్కన వాగు కనబడగానే ఆమె ఆగిపోయింది. కట్టుబట్టతో దిగి మూడు మునకలు వేసింది. ఆ గుడారం వాళ్ళ బదులు తను చేసింది, ఎవరో ఒకరు చెయ్యాలిగా. బండి ఆపించి కూర్చున్నాం. మా ఆయన, "ఇది మూఢనమ్మకం" అన్నాడు. "నోరు ముయ్యి" అన్నాను. మొగుణ్ణి ఆ మాట అనడం నాకదే మొదలు. ఆయన నిజంగానే ముయ్యడం కూడా అదే మొదలు. తడిబట్టతోనే ఆమె ఘాటీ ఎక్కింది, కానీ మొహం తేటపడింది. కూతురు తెరగుడ్డ మీంచి ఊడింది, కాలింది, స్నానమూ అయింది. ఇంక ఇంటికి రావడమే మిగిలిందని నాతో అంది. నేను నమ్మానో లేదో నాకే తెలియదు. అది నిజం కావాలని మాత్రం కోరుకున్నాను, మా అమ్మ కోసం కూడా కోరుకోనంతగా.

ఆ నెలలోనే కోడలు ఆడపిల్లని కంది. పేరు పెట్టే రోజు నన్ను రమ్మని ఆకులామె కబురు చేసింది. మా నాన్న వద్దన్నా వెళ్ళాను. పసిగుడ్డులో ఏ పెద్దలు తిరిగొచ్చారో చూసి ఆ పేరే పెడతారు వాళ్ళు. వాళ్ళ పూజలు చేసే దిసారి ఒక దొప్పలో నీళ్ళు పోసి ఒక బియ్యపుగింజ వదిలాడు. తర్వాత పోయినవాళ్ళ పేరు ఒక్కొక్కటీ చెప్తూ ఇంకో గింజ వదలాలి. ఏ పేరుకి రెండు గింజలూ ఒకదాన్నొకటి తాకుతాయో వాళ్ళే వచ్చినట్టు.

ఆకులామె అడిగిందని ముందు కూతురి పేరే చెప్పాడు. గింజ మెల్లగా జారి దొప్ప అంచుకి పోయింది. ఆయన చాలాసేపు ఆగాడు. అందరం వంగి చూస్తున్నాం, ఆమె ఊపిరి తగిలి నీళ్ళు కదులుతాయేమోనని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గింజ అంచునే ఉండిపోయింది. ఆ పేరు రెండోసారి పిలవకూడదు. తర్వాతి పేరు ఎప్పుడో పోయిన ముసలమ్మది, ఆకులామె అత్తగారిది. ఆ గింజ పడుతూనే పోయి అతుక్కుంది. డప్పులు మోగాయి. ఆకులామె మనవరాలిని ఎత్తుకుని ముద్దు పెట్టుకుంది, అందరికీ కల్లు పోసింది, నాకు ఆకులో పనసతొనలు పెట్టింది. ఒక్క పనీ ఎగ్గొట్టలేదు.

తర్వాతి సంతకి ఆకులు తెచ్చింది. నాకు ఊరుకోబుద్ధి కాలేదు. "కొడుకు చిన్నవాడేగా. ఇంకో పిల్ల పుడుతుంది. అప్పుడొస్తుంది" అన్నాను.

ఆమె నన్ను చూసి జాలిగా తల ఊపింది, పసిపిల్లకి చెప్పినట్టు చెప్పింది.

"ఆళ్ళు కాల్సింది వీపేనమ్మా. నాను తానం సేసిందీ దానికే. మొకం ఆయమ్మ కాడే ఉండిపోనాది, ఊరూరా తిరుగుతంది. మొకం నేకుండా గుంట ఎలగ పుడతాది?"

నాకు ఏడుపు ఆగలేదు. ఆమె ఏడవలేదు. కట్ట విప్పి, చిరిగిన ఆకులు ఏరి పక్కన పెడుతూ కూర్చుంది.